శనికి నీళ్లున్నాయి, మనకే లేవు!

గ్రహాల సంగతి మనకెవరూ నేర్పనక్కర్లేదు. అందులోనూ గురుడు, శని ప్రతి ఇంటికీ దగ్గరి చుట్టాలు. పెళ్లి కుదిరితే గురుబలం, బోరు ఎండితే శని. మా శింగనమల వైపు బోర్లు ఎక్కువ, నీళ్లు తక్కువ. కాబట్టి శనికే పలుకుబడి!

విత్తనానికి చెనిక్కాయలు ఒలిచేటప్పుడు పదిమంది ఆడవాళ్లం ఒకచోట చేరతాం. వేళ్ల నొప్పి తెలీకుండా ఉండాలంటే నోరు ఆడాల్సిందే. పోయినసారి మాటల్లోకి శని వచ్చాడు. ఒకామె కూతురికి ఏలినాటి శని అని, కుదరబోయిన సంబంధం వెనక్కి పోయిందట. ఆమె చేతులు ఒలుస్తున్నాయేగానీ కళ్లు చాటలో లేవు. డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్న ఆ పిల్ల మాత్రం, "143 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేటోడు మా ఇల్లు ఎట్ల కనుక్కున్నాడక్కా?" అంది. అందరం నవ్వాం, తల్లి తప్ప.

ఇంటికొచ్చి లెక్క వేశాను. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు. పన్నెండు రాశులకు పంచితే ఒక్కోదానికి దాదాపు రెండున్నరేళ్లు. మన రాశి, దాని ముందుది, వెనకది కలిపితే ఏడున్నర. వట్టి కంటితో చూసి ఇంత కచ్చితంగా లెక్క కట్టిన పెద్దవాళ్లకు దండం పెట్టాల్సిందే. ఆ లెక్కకూ ఆడపిల్ల పెళ్లికీ ముడి ఏమిటన్నదే నా తగాదా. ఏ రోజు చూసినా పన్నెండింటిలో మూడు రాశులకు ఏలినాటి శనే. మరి వానలు పోయిన ఏడాది ఊళ్లో పన్నెండు రాశులవాళ్లూ ఎందుకు ఎండుతున్నట్టు?

అసలు శని చుట్టూ ఉన్న వలయాల్లో ఎక్కువ భాగం నీటి మంచుగడ్డలే. ఎన్సెలడస్ అనే దాని చందమామ నుంచి నీటి ఆవిరి, మంచు తుంపరలు ఎగజిమ్ముతున్నాయని 2005లో కాసిని నౌక కనిపెట్టింది. ఈ ముక్క చెబితే మా అత్తమ్మ, "గట్టిగా అనాకు, ఆడినుంచి పైపులైను వేస్తామని ఎలక్షన్లలో చెప్తారు" అంది.

గురుడి వైభవం వేరు. అతని కడుపులో వెయ్యికి పైగా భూములు పడతాయి. కానీ కాలు మోపడానికి గట్టి నేల లేదు, అంతా వాయువులే. సర్వే లేదు, పాసుబుక్కు లేదు, గట్టు తగాదాలు లేవు. బోరు ఎంత లోతుకు దించినా బండ తగలదు. నీళ్లూ పడవనుకోండి!

కుజుడి మాటా చెప్పాలి. కుజదోషమని ఎందరు పిల్లల పెళ్లిళ్లు ఆగాయో! 2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న ఆ కుజుడి కక్ష్యలోకే చేరింది. ఆ రోజు బెంగళూరు ఇస్రోలో చీరలు కట్టి, పూలు పెట్టుకుని సంబరపడిన ఆడవాళ్ల ఫొటో దేశమంతా చూసింది. అత్తమ్మకు చూపిస్తే జడలో పూల గురించే అడిగింది.

మబ్బు లేని ఆకాశానికి మాకు కరువు లేదు. శని నక్షత్రాల్లా మినుకుమినుకుమనకుండా, లేత పసుపు రంగులో నిలకడగా వెలుగుతుంటాడు. చిన్న టెలిస్కోపు ఉన్నా చాలు, వలయాలు కనిపిస్తాయి. ఎక్కడైనా చూపిస్తున్నారంటే మమ్మల్నందర్నీ పిలుచుకుపోతానంది ఫిజిక్సు పిల్ల. అత్తమ్మ అప్పుడే ఆరా మొదలుపెట్టింది, "శనివారమే పోవల్లనా, ఏ వారమైనా ఫరవాలేదా?" అని.