క్రిస్మస్ సెలవుల్లో ఒక డిటెక్టివ్, రెండు పిల్లులు



డిసెంబరు పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడిగేది ఒకటే: "మేడమ్, సెలవుల్లో చదవడానికి మంచి ఇంగ్లిష్ పుస్తకం చెప్పండి." డిటెక్టివ్ కథలు ఇవ్వండి అనగానే కొందరి ముఖం మారిపోతుంది. హత్యలు, రక్తం పిల్లలకెందుకని వారి సందేహం. అది న్యాయమైన సందేహమే. అందుకే డిటెక్టివ్ కథల్లోనే 'కోజీ మిస్టరీ' అనే రకం గురించి ఈ నెల రాస్తున్నాను.

కోజీ అంటే చలిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నంత హాయి. ఈ కథల్లో నేరం జరుగుతుంది కానీ రక్తపాతాన్ని వర్ణించరు. సాధారణంగా ఊరు చిన్నది, అందరూ తెలిసినవాళ్ళే. గుట్టు విప్పేది పోలీసు కాదు, మామూలు మనిషి. ఇంగ్లండు పల్లెలో ఊలు అల్లుకుంటూ ఊరి సంగతులన్నీ గమనించే అగాథా క్రిస్టీ 'మిస్ మార్పుల్' అలాంటి ఆవిడే. పండుగ రోజులు ఈ కథలకు భలే కుదురుతాయి. బంధువులంతా ఒకే ఇంట్లో చేరతారు, పాత తగాదాలు పైకి తేలతాయి. (మన సంక్రాంతి ఇళ్ళు గుర్తొస్తే నన్ననకండి!)

ఇందులో పిల్లులకు పెద్దపీట వేసిన రచయిత్రి అమెరికాకు చెందిన లిలియన్ జాక్సన్ బ్రాన్. డెట్రాయిట్‌లో పత్రికా ఉద్యోగం చేసేవారు. ఆమె పెంచుకున్న సయామీ పిల్లి ఎత్తైన భవనం కిటికీలోంచి పడి చనిపోయింది. ఆ బాధలోంచి ఒక చిన్న కథ పుట్టింది, తర్వాత 1966లో మొదటి నవల వచ్చింది. 1968 నాటికి మూడు రాశారు. ఆ తర్వాత పాఠకులకు హింస ఎక్కువున్న నవలలే కావాలన్న ధోరణి రావడంతో ఆగిపోయారు. నాలుగోది వచ్చింది 1986లో! అప్పటి నుంచి తొంభై ఏళ్ళు దాటేదాకా రాస్తూనే ఉన్నారు.

ఆమె హీరో క్విల్లరన్ అనే విలేకరి. అతని దగ్గర కోకో, యమ్ యమ్ అనే రెండు సయామీ పిల్లులుంటాయి. మూడో నవల 'ద క్యాట్ హూ టర్న్‌డ్ ఆన్ అండ్ ఆఫ్' క్రిస్మస్ రోజుల్లో, పాత సామాన్లు అమ్మే జంక్‌టౌన్ అనే పేటలో జరుగుతుంది. ఒక వ్యాపారి నిచ్చెన మీది నుంచి పడి చనిపోయాడని అందరూ అనుకుంటారు. క్విల్లరన్ మాత్రం నమ్మడు.

కోకో మాట్లాడదు, మంత్రాలు వేయదు. వాసన చూస్తుంది, గోళ్ళతో గీకుతుంది, ఒక వస్తువు దగ్గర మొండిగా కూర్చుంటుంది. పిల్లి చేసేవన్నీ పిల్లి పనులే. వాటికి అర్థం వెతుక్కోవలసింది మనిషి. పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే మన అలవాటుకు ఇది సరిగ్గా తలకిందులు: ఇక్కడ పిల్లి ఎదురొస్తే ఆగి, ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ఈ కథలు నచ్చేది ఇందుకే. కాంప్రహెన్షన్ ప్రశ్నల్లో "ఎవరు, ఎక్కడ, ఎప్పుడు" అంటే పిల్లలు పాసేజ్‌లోని వాక్యాన్ని వెతికి అలాగే దింపేస్తారు. "ఆమె అలా ఎందుకు అంది?" అంటే ఖాళీ వదిలేస్తారు. జవాబు వాక్యంలో ఉండదు, రెండు వాక్యాల మధ్య ఉంటుంది. వర్క్‌షీట్లు ఎన్ని చేయించినా ఆ చూపు తొందరగా రాదు. మిస్టరీలో దొంగ దొరికాక "అయ్యో, ఇది ముందే చెప్పారే!" అని పిల్లాడు వెనక్కి తిప్పి చూస్తాడు చూడండి, అప్పుడు వస్తుంది.

ఒక జాగ్రత్త. బ్రాన్ నవలలు పెద్దల కోసం రాసినవి. క్విల్లరన్ విడాకులు తీసుకున్న నడివయసు మనిషి, ఒకప్పుడు తాగుడుకు బానిసై మానేసినవాడు. నా ఉద్దేశంలో తొమ్మిదో తరగతి లోపు పిల్లలకు వద్దు, ఆ పైవారికైనా మీరు ముందు చదివి ఇవ్వండి. చిన్న తరగతులకు 1892లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ కథ 'ద బ్లూ కార్బంకల్' ఉంది. క్రిస్మస్ బాతులో ఒక నీలిరంగు రత్నం దొరుకుతుంది. ఒక పాత టోపీని చూసి దాని యజమాని గురించి హోమ్స్ చెప్పే భాగం దగ్గర ఆపి, మీ ఇంట్లోని పాత చెప్పునో సంచినో పిల్లల చేతికిచ్చి చెప్పమనండి.

ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో కొమ్మూరి సాంబశివరావు గారి 'డిటెక్టివ్ యుగంధర్' నవలలు చదివి ఉంటే ఇంకా మంచిది. వారిని ఒక కథ చెప్పమని, దొంగ పేరు దగ్గర మాత్రం ఆపమనండి. తెలుగులో అలవాటైన చూపు ఇంగ్లిష్‌లోనూ పనికొస్తుంది.

రెండో నవలలో ఒక ఆట ఉంది. కోకో పెద్ద డిక్షనరీ అంచున గోరు గుచ్చుతుంది. ఆ పేజీ తెరిచి, పైనున్న పదాలకు క్విల్లరన్ అర్థం చెప్పాలి. మీ ఇంట్లో పిల్లి లేకపోతే చెల్లాయి వేలు చాలు, రోజుకు నాలుగు పదాలు.

సెలవుల తర్వాత నేను బుక్ రిపోర్ట్ అడగను. ఒక చీటీ మీద రెండు లైన్లు చాలు: నీకు మొదట ఎవరి మీద అనుమానం వచ్చింది? ఏ పేజీలో?