దూకుడు మారితే కోటే మారుతుంది

‘కాసిల్‌వేనియా’ కథ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. సైమన్ బెల్‌మాంట్ అనే వీరుడు కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలోకి వెళ్తాడు, దారిలో దయ్యాలని కొట్టుకుంటూ పైకెక్కి చివర్లో డ్రాక్యులాని చంపుతాడు. 1986లో జపాన్‌లో ఈ గేమ్ తెచ్చిన కోనామీ కంపెనీ, ఇదే కథని తర్వాత చాలాసార్లు మళ్లీ చేసింది. హీరో అతనే, విలన్ అతనే, లెవెల్ డిజైన్ మాత్రం ప్రతిసారీ వేరు. ఎందుకలా? సొంతంగా గేమ్ చేద్దామనుకునే మనలాంటి వాళ్లకి ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది.

ముందు నింటెండో ఫామికామ్ మీద వచ్చిన మొదటి గేమ్ చూద్దాం. మొత్తం 18 స్టేజ్‌లు, మూడు స్టేజ్‌లకొక బాస్. ఇందులో సైమన్ ఒకసారి గాల్లోకి ఎగిరాడంటే ఇక దిశ మార్చుకోలేడు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడతాడు. కొరడా ఎదురుగానే తగులుతుంది, అది కూడా బటన్ నొక్కిన క్షణం తర్వాత. ఇదేం హీరో అనిపిస్తుంది కదా! కానీ కోట మొత్తం ఈ పరిమితుల్ని కొలిచి కట్టినట్టుంటుంది. మొదట కోట బయట ఆవరణలో శత్రువులెవరూ ఉండరు. దీపాలు కొడుతూ కొరడా అలవాటు చేసుకోవచ్చు. లోపలికెళ్లాక నెమ్మదిగా నడిచే శవాలొస్తాయి. ఇంకాస్త ముందుకెళ్తే మెడూసా తలలు. ఇవి అచ్చం మన సైన్ వేవ్‌లా పైకీ కిందకీ ఊగుతూ వస్తాయి. చదునైన నేల మీద వీటితో పెద్ద భయం లేదు. గుంట అంచున ఉన్నప్పుడు ఒక్కటి తగిలిందా, వెనక్కెళ్లి గుంటలో పడతాం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే అదే. చాలాసార్లు చస్తాం. అయినా ‘ఆడలేక మద్దెల ఓడు’ అనడానికి వీల్లేదు, ఎందుకంటే తల వచ్చే దారి ముందే కనిపిస్తూ ఉంటుంది.

అదే ఏడాది ఎమ్‌ఎస్‌ఎక్స్2 కంప్యూటర్‌కి ‘వాంపైర్ కిల్లర్’ పేరుతో ఇంకో వెర్షన్ వచ్చింది. ఆ కంప్యూటర్ వీడియో చిప్‌లో అడ్డంగా స్క్రోల్ చేసే ఏర్పాటు లేదు. అందుకే ఒక తెర అంచు దాటితే ఇంకో తెర వస్తుంది. డిజైనర్లు ఈ లోటుకి తగ్గట్టే స్టేజ్‌లని మార్చేశారు. ప్రతి స్టేజ్‌లో ఎక్కడో తెల్ల తాళంచెవి ఉంటుంది, అది దొరికితేనే తర్వాతి తలుపు తెరుచుకుంటుంది. పెట్టెలు తెరవడానికి వేరే తాళంచెవులు, సరుకులమ్మే వ్యాపారులు కూడా ఉంటారు. మొదటి గేమ్‌లో ‘ఎలా దాటాలి’ అని ఆలోచిస్తే, ఇక్కడ ‘ఎక్కడుంది’ అని వెతుకుతాం.

1991లో సూపర్ ఫామికామ్ మీద ‘సూపర్ కాసిల్‌వేనియా 4’ వచ్చింది. ఇందులో సైమన్ కొరడా ఎనిమిది దిక్కులా తిరుగుతుంది, గాల్లో దిశ మార్చుకోవచ్చు, కొరడాతో కొక్కేలకి వేలాడి ఊగొచ్చు. ఇంత స్వేచ్ఛ ఉన్నవాడిని పాత కోటలో వదిలితే ఆడుతూ పాడుతూ దాటేస్తాడు. అందుకే 11 స్టేజ్‌లని కొత్తగా కట్టారు. నాలుగో స్టేజ్‌లో గది మొత్తం తిరిగిపోతుంటే, మనం కొక్కేనికి వేలాడుతూ ఉండాలి. చూడ్డానికి అద్భుతం. కానీ ఒక నష్టం కూడా జరిగింది. మొదటి గేమ్‌లో పైన ఉన్న శత్రువుని కొట్టడానికి గొడ్డలి కావాలి, కాబట్టి ఏ ఆయుధం ఉంచుకోవాలో ప్రతిసారీ ఆలోచించేవాళ్లం. ఇక్కడ కొరడాయే పైకి తగులుతుంటే గొడ్డలితో పనేముంది?

1993లో ఎక్స్68000 కంప్యూటర్‌కి చేసిన వెర్షన్ మధ్యేమార్గం పట్టింది. ఎగిరినప్పుడు కొరడాని ఏటవాలుగా కిందకి కొట్టొచ్చు, ఎనిమిది దిక్కులా మాత్రం కుదరదు. దాంతో కష్టమూ, గొడ్డలి విలువా మిగిలాయి. 2001లో ఇది ప్లేస్టేషన్‌కి ‘కాసిల్‌వేనియా క్రానికల్స్’ పేరుతో వచ్చింది.

కాబట్టి ఈ సెమ్‌లో ఎవరైనా ప్లాట్‌ఫామ్ గేమ్ మొదలుపెడుతుంటే, ముందే మ్యాప్ గీయకండి. ఖాళీ నేల మీద హీరోని దూకించి చూడండి. ఎంత ఎత్తు, ఎంత దూరం, గాల్లో తిరగగలడా, దెబ్బ తగిలితే ఎటు పడతాడు అన్నవి తేల్చుకుని గ్రాఫ్ పేపర్ మీద రాసుకోండి. ఆ తర్వాతే గుంటల వెడల్పు నిర్ణయించండి. మధ్యలో ఎవరైనా ‘డబుల్ జంప్ పెడదాం రా’ అంటే పెట్టండి, కానీ గీసిన ప్రతి లెవెల్‌నీ మళ్లీ ఆడి చూడాల్సిందే.