బెయిలు వచ్చాక కూడా జైల్లోనే ఎందుకు?

బెయిలు వచ్చిందంటే మనిషి ఇంటికి వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. మన దాతల్లో కొందరు కూడా "బెయిలు డబ్బు లేక లోపలే ఉండిపోయిన పేదవాళ్లుంటే చెప్పండి, కడతాం" అంటుంటారు. మంచి మాటే. అయితే వ్యవహారం చాలాసార్లు ఆగేది డబ్బు దగ్గర కాదు, జామీను దగ్గర.

మొదటి నుంచి చూద్దాం. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతోంది. ఆ గంటలను ఎప్పటినుంచి లెక్కించాలన్నదే చిక్కు. అందుకే 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో తప్పనిసరి చేసింది. అందులో తేదీ, వేళ రాయాలి. ఇంటివారో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. రోజూ హాజరుపట్టీ వేసే మాకు వేళ విలువ బాగా తెలుసు. స్టేషనుకు పిలిచి సంతకం పెట్టమంటే, మనిషిని నిజంగా తీసుకెళ్లిన వేళే అందులో ఉందో లేదో చదివి మరీ పెట్టాలి.

రిమాండు తర్వాత మనిషి జైలువారి అధీనంలో ఉంటాడు. బెయిలు ఉత్తర్వు వెలువడ్డాక జామీనుదారులు ఇంటిపన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో పట్టుకుని కోర్టుకు రావాలి. కాగితాలు సరిచూశాక విడుదల ఉత్తర్వు జైలుకు వెళ్లాలి. అది సాయంత్రం లాకప్ వేళ దాటి చేరితే మరో రాత్రి లోపలే.

మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగి, సోదరుడు ముందుకొస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి, 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఇన్నేళ్లయినా పొరుగు రాష్ట్రం కూలీని 'స్థానిక జామీను' అని అడగడం మానలేదు.

2021లో ఆగ్రా జైలులో 13 మంది ఖైదీలు, సుప్రీంకోర్టు విడుదల చేయమన్నా, ఉత్తర్వు నకలు అందలేదని రోజుల తరబడి లోపలే ఉన్నారు. కృష్ణా జిల్లాలో పుట్టిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ దాన్ని తనంతట తానే విచారణకు తీసుకున్నారు. సుప్రీంకోర్టు ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే 'ఫాస్టర్' ఏర్పాటు 2022 మార్చి 31న మొదలైంది.

కాగితం వేగంగా చేరినా జామీనుదారు లేకపోతే తలుపు తెరుచుకోదు. దీనికి సంబంధించి 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మనవాళ్లలో చాలామందికి తెలియవు. బెయిలు ఉత్తర్వు నకలును ఆ రోజో, మర్నాడో ఈ-మెయిల్ ద్వారా జైలుకు పంపి ఖైదీకి అందించాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు బాండ్లు సమర్పించలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. కట్టాల్సిన సొమ్మే అడ్డమైతే, పేద ఖైదీలకు సాయంచేసే కేంద్ర పథకం కింద విచారణ ఖైదీకి ఆ సొమ్ము ఇచ్చే వీలుంది.

కాబట్టి ఎవరైనా మన గడప తొక్కితే ముందు అడగవలసింది బెయిలు ఉత్తర్వు తేదీ. ఏడు రోజులు దాటి ఉంటే న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ రాసిపెట్టాలి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయవాది దొరుకుతారు. ఫోను నంబరు 15100. ఇక జామీనుకు నిలబడతామనే దాతలకు ఒక మాట: నిందితుడు వాయిదాలకు రాకుండా పోతే బాండులో రాసిన సొమ్ము మీ దగ్గర వసూలు చేయవచ్చు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకున్నాకే పేరివ్వండి.