లదాఖ్ కోసమా, శ్రీశైలం కోసమా?

టూరింగ్ బండి బేరం ఎక్కడ మొదలైనా చివరికి లదాఖ్ దగ్గరికే చేరుతుంది. కూకట్‌పల్లిలో అయినా, గాజువాకలో అయినా షోరూం మెట్లెక్కిన కుర్రాడి బుర్రలో పాంగాంగ్ సరస్సు మెదులుతూ ఉంటుంది. సేల్స్‌మ్యాన్‌కీ ఆ సంగతి తెలుసు. అందుకే గోడ మీద మంచుకొండల పోస్టర్ ఉంటుంది గానీ, కల్వకుర్తి బైపాస్ పోస్టర్ ఉండదు.

చేతిలో మూడు, నాలుగు లక్షలు పెట్టుకుని వెళ్లినవాళ్లు తేల్చుకోలేక ఆగిపోయే జోడీ ఒకటుంది. హిమాలయన్ 450, సూపర్ మీటియర్ 650. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే. ఒక తల్లి పిల్లలే అయినా ఒకరి పోలిక ఇంకొకరికి రాలేదు. సూపర్ మీటియర్ 2023 జనవరిలో, హిమాలయన్ అదే ఏడాది నవంబరులో మార్కెట్‌లోకి వచ్చాయి. అప్పటి ప్రారంభ ధరలు 3.49 లక్షలు, 2.69 లక్షలు. ఆ రోజులు పోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం. 350 లోపు వాటికి 18కి తగ్గించి, ఆ పైవాళ్ల నడ్డి విరిచారు. మన జోడీ రెండూ గీతకు అవతలే ఉన్నాయి.

హిమాలయన్‌ది ఒంటి సిలిండర్, నీళ్లతో చల్లబడే 452 సీసీ ఇంజిన్, 40 హార్స్‌పవర్. బరువు 196 కిలోలు. ముందు చక్రం 21 అంగుళాలు. ముందూ వెనకా సస్పెన్షన్ 200 మిల్లీమీటర్ల దాకా కిందికీ పైకీ ఆడుతుంది. సూపర్ మీటియర్‌ది జంట సిలిండర్ల 648 సీసీ ఇంజిన్, 47 హార్స్‌పవర్. బరువు 241 కిలోలు. వెనక షాకబ్జర్లకు దొరికే ఆట 101 మిల్లీమీటర్లే. కాగితం మీద అంకెలు ఇంతవరకే. మిగతాది రోడ్డు చెప్పాలి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డునే తీసుకుందాం. అవుటర్ రింగ్ రోడ్డు మీదకు టూవీలర్లను రానివ్వరు కాబట్టి తుక్కుగూడ దాకా ఊరి ట్రాఫిక్‌తోనే కుస్తీ. ఆ తర్వాత ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి వరకు రోడ్డు సాఫీ. ఇక్కడ మహారాజు సూపర్ మీటియర్. వందలో వెళ్తున్నా ఇంజిన్ గొంతు పెరగదు. లారీని దాటాలంటే గేరు తగ్గించే పనిలేదు, మణికట్టు కొంచెం తిప్పితే చాలు. హిమాలయన్ కూడా అంతే వేగంగా పోతుంది. కానీ దాని ఒంటి సిలిండర్ దడ హ్యాండిల్‌లోకీ ఫుట్‌రెస్ట్‌లోకీ సన్నగా పాకుతుంది. మూడు వేల ఆర్పీఎం లోపు బద్ధకంగా కూడా ఉంటుంది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే లెక్క తిరగబడుతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు కాబట్టి తెల్లారాకే అడవిలోకి వెళ్తాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, వరసగా స్పీడ్ బ్రేకర్లు. వాటిని హిమాలయన్ పట్టించుకోదు. సూపర్ మీటియర్ మాత్రం ఒక్కోదాన్నీ నడుముకు అప్పజెబుతుంది. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి, కుదుపు వచ్చినప్పుడు సీటు మీంచి లేచి నిలబడే అవకాశమూ తక్కువ. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే హెయిర్‌పిన్ మలుపుల్లో బండిని కాస్త ఎక్కువ వంచితే ఫుట్‌రెస్ట్ తారును గీకుతుంది. ఆ కిర్రుమనే చప్పుడు మొదటిసారి విన్నప్పుడు గుండె జారుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లే మరి. హిమాలయన్‌కు 230.

ఇంతవరకు ముందు కూర్చున్నవాళ్ల గోల. వెనక కూర్చునేవాళ్లను అడగకుండా కొన్న బండ్లు మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కవర్లు కప్పుకుని చాలానే ఉన్నాయి. హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి మునివేళ్లే ఆనుతాయి. పక్కల పెట్టెలు, వెనక బ్యాగు కట్టాక వెనక మనిషి ఎక్కే తీరు చూడండి. ముందువాడి భుజం పట్టుకుని, ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, కుడికాలు ఆ బ్యాగు మీదుగా తిప్పాలి. ఆ క్షణంలో బండి అరంగుళం ఒరిగినా ముందువాడి మునివేళ్లు ఆపలేవు. చీర కట్టుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. సూపర్ మీటియర్ సీటు ఎత్తు 740 మాత్రమే. రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఉంటాయి. టూరర్ మోడల్‌లో వెనక ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్ కూడా ఉంది. కాకపోతే ఏటవాలు పార్కింగ్‌లో ముందు చక్రం పల్లానికి పెట్టి ఆపారో, ఆ 241 కిలోలను వెనక్కి లాగడానికి ఇద్దరు కావాలి.

షోరూంలో ఎవరూ ఎత్తని విషయం పంచర్. హిమాలయన్ మామూలు స్పోక్ చక్రాలకు ట్యూబు ఉంటుంది. డిండి అవతల మేకు దిగితే చక్రం ఊడదీయాలి, టైరు విప్పాలి, ట్యూబు లాగాలి. అంత పెద్ద బండి చక్రం ముట్టుకోవడానికి రోడ్డు పక్క పంచర్ కుర్రాడు జంకుతాడు. సూపర్ మీటియర్ అల్లాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్లు. పుల్ల దూర్చి, గాలి కొట్టుకుని టీ చల్లారేలోపు కదలొచ్చు. హిమాలయన్‌కూ తర్వాత ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వచ్చాయి. దానికి డబ్బు ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి. నన్నడిగితే ఫాగ్ లైట్ల కన్నా, రంగు కన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

ట్యాంకు హిమాలయన్‌ది 17 లీటర్లు, రెండోదానిది 15.7. మన హైవేల మీద బంకులకు కొదవ లేదు కాబట్టి ఆ తేడా నాకు పెద్దగా లెక్కలోకి రాదు.

ఇక లదాఖ్. అక్కడ హిమాలయనే సరైన బండి, అందులో వాదన లేదు. మనాలి దారిలో 17 వేల అడుగులు దాటిన తగ్లాంగ్ లా దగ్గర గాలి దాదాపు సగానికి పలచబడుతుంది. మనుషులతో పాటు ఇంజిన్లూ ఆయాసపడతాయి. 40 హార్స్‌పవర్‌లో సగం చేతికి వస్తే గొప్ప. వాగులు రోడ్డు మీదుగా పారేచోట 21 అంగుళాల చక్రం రాళ్ల మీద నుంచి దొర్లుకుంటూ పోతుంది. కానీ ఆ దారి ఏడాదిలో కొన్ని నెలలే తెరిచి ఉంటుంది. హైదరాబాద్ నుంచి అక్కడికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైనే. రైల్లో పార్సిల్ వేసినా సెలవులు చాలవు. లేహ్‌లో హిమాలయన్లు అద్దెకు దొరుకుతాయి. ఒక్క ప్రయాణం కోసం ఏళ్ల తరబడి మునివేళ్ల మీద నిలబడటమెందుకు?

అందుకని నా ఓటు ఇలా. ఒంటరిగా తిరిగేవాళ్లు, మారేడుమిల్లి అడవుల్లో మట్టిదారి కనబడగానే హ్యాండిల్ అటు తిప్పేవాళ్లు హిమాలయన్ తీసుకోండి. వెనక సీటు ఖాళీగా ఉండని ఇంట్లో సూపర్ మీటియర్. డబ్బు కట్టేముందు టెస్ట్ రైడ్‌కు వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఎక్కించి, దింపి, రెండు స్పీడ్ బ్రేకర్లు దాటించి తీసుకురండి. ఇద్దరినీ ఎక్కనివ్వం అని షోరూం వాళ్లు అంటే ఇంకో షోరూం చూసుకోండి.