స్ట్రెచింగ్‌లో తెగేది కండరం కాదు

ఘాలాలో బయట ఎండ. అందుకే ఇక్కడి మన పిల్లల కరాటే, జిమ్నాస్టిక్స్ చాలావరకు ఏసీ హాళ్ళలోనే. స్ప్లిట్ చేస్తున్న పిల్లాణ్ణి కోచ్ భుజాలు పట్టి కిందికి నొక్కడం మామూలే. లోడ్ పెంచితే ముందు పడిపోయేది బలహీనమైన భాగమని ప్రోగ్రామర్లకి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళలో అది సాధారణంగా కండరం. ఎదిగే పిల్లల్లో మాత్రం తుంటి ఎముకకు కండరం అతుక్కునే చోట ఉండే మెత్తని మృదులాస్థి. గట్టిగా లాగితే చిన్న ఎముక ముక్కే ఊడొస్తుంది. 'టప్' మని శబ్దం, ఆపైన కుంటడం.

నడుము ఇంత బాహాటంగా చెప్పదు. పదేపదే వెనక్కి వంగితే, ఎక్కువగా ఐదో నడుము పూసలో, సన్నని బీట పడుతుంది. దీన్ని స్పాండిలోలైసిస్ అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారైలో దొరుకుతుంది. వెనక్కి వంగితే నొప్పని రెండు మూడు వారాలుగా అంటున్న పిల్లాడికి బామ్ పూసి క్లాసుకి పంపకండి, డాక్టరుకి చూపించండి. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి కొన్ని నెలలు ఆట మానితే నయమవుతుంది.