చైన్ మిషన్ బురదలో ఎందుకు దిగబడదు?

వానకాలం వరి కోతకు వచ్చేసరికి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పరిసరాల్లో రెండు రకాల కోత యంత్రాలను మీరు చూసే ఉంటారు. పొలం ఆరితే టైర్ మిషన్ చాలు. వాన పడి మడి బురదగా ఉంటే, కిరాయి ఎక్కువైనా చైన్ మిషన్ కోసం ఎదురుచూడక తప్పదు. ఈలోగా పడిపోయిన పైరులో వడ్లు మొలకెత్తితే నష్టం రైతుదే.

చైన్ మిషన్ సాధారణంగా తేలికగా ఉంటుంది. అయినా అసలు కీలకం బరువు పరుచుకునే వైశాల్యంలో ఉంది. బరువును నేలను తాకే వైశాల్యంతో భాగిస్తే నేలమీద పీడనం వస్తుంది. 3,000 కిలోల యంత్రానికి 45 సెం.మీ. వెడల్పు, 170 సెం.మీ. పొడవు నేలకు ఆనే రెండు చైన్లు ఉన్నాయనుకుందాం. మొత్తం వైశాల్యం 15,300 చదరపు సెం.మీ. అంటే పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.2 కిలోలు. 60 కిలోల మనిషి రెండు పాదాలు 300 చదరపు సెం.మీ. మేర ఆనించి నిలబడినా అంతే! అడుగు వేసేటప్పుడు బరువంతా ఒక పాదంమీదే పడుతుంది కనుక ఆ క్షణంలో యంత్రంకంటే మనిషే ఎక్కువగా దిగబడతాడు.

ఈ పద్ధతి తొలిరోజుల్లో బాగా పనికొచ్చిన చోటు అడవి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో చలికాలమంతా మంచుమీద గుర్రాలతో దుంగలు లాగించేవారు. ఆల్విన్ లొంబార్డ్ 1901లో పేటెంట్ పొందిన ఆవిరి యంత్రానికి ముందు జారుడు పట్టీలు, వెనుక చైన్లు ఉండేవి. దిశ మార్చే మనిషి బాయిలర్‌కు ముందు, చలిగాలిలో కూర్చునేవాడు. వాలులో వెనుకనుంచి దుంగల బరువు తోసుకొస్తుంటే అతని ప్రాణానికి భరోసా లేదు. తర్వాత లారీలు వచ్చాయి. కొన్ని యంత్రాలు అడవిలోనే తుప్పుపట్టాయి. వాటిలో కొన్నిటిని చాలా ఏళ్లకు వెలికితీసి బాగుచేశారు.

కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్ట్ సమస్య మన రైతుదే: మెత్తని నేల. చక్రాలను వెడల్పు చేస్తూ పోతే ఒక ట్రాక్టరు 46 అడుగుల వెడల్పుకు చేరింది! అలాంటిది ఏ గట్టుమీద తిరుగుతుంది? 1904 నవంబరులో ఆయన చక్రాలు తీసి చెక్క పలకల చైన్లు బిగించి చూశాడు. గొంగళిపురుగులా పాకుతోందన్న మాటనుంచి ‘క్యాటర్‌పిల్లర్’ పేరు వచ్చింది. 1916లో బ్రిటిష్ సైన్యం చైన్లమీద నడిచే ట్యాంకులను యుద్ధంలోకి దింపింది.

మన ప్రాంతంలో ఈ చరిత్రకు మరో ముఖం ఉంది. గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా అప్పు తీసుకొని, పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. ఇప్పుడు ఆ పనిలో ఎక్కువ భాగం చైన్లమీద కదిలే ఎక్స్‌కవేటర్లది. వరిలోనూ అంతే. టైర్ మిషన్ దిగలేని మళ్ళలో కొడవలికి కొంత పని మిగిలేది; చైన్ మిషన్ అక్కడికీ చేరింది. రైతుకు ఊరటనిచ్చిన యంత్రమే కూలీకి పనిదినాలను తగ్గించింది. ఈ యూనిట్ చదివేటప్పుడు రెండింటినీ కలిపే చూడండి.

అభ్యాసం: మీ ఊరికి వచ్చిన చైన్ మిషన్ ఆగి ఉన్నప్పుడు దాని చైన్ వెడల్పు, నేలకు ఆనే పొడవు కొలవండి. బరువు డ్రైవరును అడిగి పీడనం లెక్కించండి. ఆ ఏడాది మీ వాడకట్టులో ఎందరికి, ఎన్ని రోజులు కోత పని దొరికిందో కూడా రాయండి.