రాసినోడి హిస్సా

1989లో అమెరికా ఊళ్లన్నీ తిరిగి ప్రోగ్రాములిచ్చిన ఒక ర్యాప్ గుంపుకు 6.5 లక్షల డాలర్ల దాకా వసూలైంది. అందులో మేనేజరుకు 1.3 లక్షలు పోతే, పాటల్లో దాదాపు సగం రాసిన 20 ఏళ్ల పిల్లవాడి చేతికి వచ్చింది 23 వేలు. తర్వాత పత్రికల్లో వచ్చిన లెక్క ఇది. ఆ గుంపు పేరు ఎన్.డబ్ల్యు.ఎ. ఆ పిల్లవాడు ఐస్ క్యూబ్.

నేను నారాయణఖేడ్‌లో సౌండ్ బాక్సులు కిరాయికిస్తాను. అంతకు ముందు పెళ్లి బ్యాండులో డ్రమ్ము వాయించేవాణ్ణి. మా ఖేడ్ అటు బీదర్‌కు, ఇటు మహారాష్ట్రకు దగ్గర. బరాత్‌లో తెలుగు పాట అయిపోగానే హిందీ అడుగుతారు, తర్వాత కన్నడ, మరాఠీ. తండాకు పోతే లంబాడీ పాట లేకుండా ఎవరూ కాలు కదపరు. ఈ మధ్య పిల్లలు తమ సొంత ర్యాప్ పెన్‌డ్రైవులో వేసుకొని వస్తున్నారు. "అన్నా, మాది గూడ ఒక్కసారి పెట్టవా" అంటారు. సంతోషంగా పెడతాను. వాళ్లలో ఒకడు రాస్తాడు, ఒకడు లాప్‌టాప్‌లో బీట్ కడతాడు, ఇద్దరు పాడతారు, ఛానెల్ ఇంకొకడి పేరు మీద ఉంటుంది. రేపు పైసలొస్తే ఎవరికెంత అని అడిగితే "అందరం దోస్తులమే గదన్నా" అని నవ్వుతారు. ఎన్.డబ్ల్యు.ఎ. కథ ఈ పిల్లలకు తెలియాలని నా కోరిక.

ఈ సంగీతం పుట్టిందే సౌండ్ బాక్సుల దగ్గర. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, కూల్ హెర్క్ అనే కుర్రాడు తన చెల్లెలి కోసం ఒక పార్టీకి పాటలు పెట్టాడు. పాట మధ్యలో గొంతులన్నీ ఆగి వట్టి డ్రమ్ములే మోగే ముక్క వచ్చినప్పుడే జనం ఎక్కువ ఆడుతున్నారని గమనించి, ఆ ముక్కనే సాగదీసే పద్ధతి పట్టుకున్నాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద ఉంటాయి. ఒకదాని మీద ముక్క అయిపోగానే రెండోదాని మీద మళ్లీ మొదలు. ఆ దరువు మీద మైకు పట్టుకొని ప్రాస కలిపి మాట్లాడేవాళ్లు ఎమ్‌సీలయ్యారు. ఇందులో గొంతు ఒకడిది, దరువు ఒకడిది, మాట ఒకడిది. ఒంటరిగా అయ్యే పని కాదు కాబట్టే గుంపులు పుట్టాయి.

పదిహేనేళ్లు తిరగకముందే ఈ పాట లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్ అనే చిన్న పట్టణానికి చేరింది. నల్లవాళ్ల బస్తీలు, పనుల్లేని యువకులు, క్రాక్ అనే మత్తుమందు, గ్యాంగుల కాల్పులు, వీధిలో కనపడ్డవాడినల్లా గోడకు నిలబెట్టి సోదా చేసే పోలీసులు. ఎరిక్ రైట్ అనే యువకుడు అక్కడ మత్తుమందు అమ్మి కూడబెట్టిన డబ్బుతో పాటల కంపెనీ పెట్టాలనుకున్నాడు. ఈజీ-ఇ అని పేరు పెట్టుకున్నాడు. పాతకాలంలో పెద్ద పెద్ద రాక్ గాయకుల వ్యవహారాలు చూసిన జెర్రీ హెలర్ అనే మేనేజరును కలిపించమని అలోంజో విలియమ్స్ అనే డీజేకు 750 డాలర్లిచ్చాడు. 1987లో అలా రూత్‌లెస్ రికార్డ్స్ మొదలైంది.

మొదటి పాట పుట్టిన తీరు నాకెంతో ఇష్టం. ఐస్ క్యూబ్ రాసిన "బాయ్జ్ ఇన్ ద హుడ్"ను న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక గుంపుతో పాడించాలనుకున్నారు. ఇది మా పాట కాదని వాళ్లు వెళ్లిపోయారు. స్టూడియోకు డబ్బు కట్టేశారు, బీట్ సిద్ధంగా ఉంది, పాడేవాడు లేడు. బీట్ కట్టిన డాక్టర్ డ్రే "నువ్వే పాడు" అని ఈజీ-ఇని ముందుకు తోశాడు. అతనికి ర్యాప్ రాదు. డ్రే ఒక్కొక్క లైను చెప్పించి, తప్పితే మళ్లీ చెప్పించి, ముక్కలన్నీ అతికించాడు. ఆ పీలగొంతే ఆ పాటకు గుర్తయింది. స్టూడియోలో గంట కిరాయి ఎంతో తెలిసినవాడిగా చెబుతున్నాను, అంత ఓపిక పట్టినవాడే అసలు సంగీత దర్శకుడు.

క్యూబ్, డ్రే, ఈజీ-ఇలతో పాటు ఎమ్‌సీ రెన్, డీజే యెల్లా, అరేబియన్ ప్రిన్స్ కలిశారు. నల్లవాళ్లను తిట్టే మాటనే తమ గుంపు పేరులో పెట్టుకున్నారు. 1988లో వచ్చిన "స్ట్రెయిట్ అవుటా కాంప్టన్" ఆల్బమ్‌ను పంపిణీ చేసింది ప్రయారిటీ రికార్డ్స్. ఎండుద్రాక్ష ప్రకటనల్లోని బొమ్మల పాటలమ్మి నిలదొక్కుకున్న చిన్న కంపెనీ అది. రేడియోలు ఈ పాటలు వేయలేదు. ఎమ్‌టీవీ వీడియో చూపించనంది. అయినా ఏడాది తిరిగేసరికి 10 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి.

అందులో పోలీసుల మీద ఒక పాట ఉంది. కోర్టు బోనులో పోలీసునే నిలబెట్టి విచారించినట్టు రాశారు. తిట్లు దండిగా ఉన్నాయి, కోపం అంతకంటే ఎక్కువ. 1989 ఆగస్టులో ఎఫ్‌బీఐ అధికారి మిల్ట్ అలెరిక్ ప్రయారిటీ కంపెనీకి ఉత్తరం రాశాడు. ఈ పాట పోలీసుల మీద హింసను రెచ్చగొడుతోందని దాని సారాంశం. ఆ నెలలోనే డెట్రాయిట్‌లో ఆ పాట ఎత్తుకోగానే పోలీసులు వేదిక వైపు దూసుకొచ్చారు. ఏడాదిన్నరకు, 1991 మార్చిలో, లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లవాణ్ణి రోడ్డు మీద పడేసి కొట్టడం వీడియోలో దొరికింది. 1992లో ఆ పోలీసులను జ్యూరీ దోషులుగా తేల్చకపోవడంతో నగరం తగలబడింది, 50 మందికి పైగా చనిపోయారు. కాంప్టన్ కుర్రాళ్లు పాడింది కట్టుకథ కాదని అప్పుడు చాలామందికి అర్థమైంది.

గుంపు మాత్రం అప్పటికే చీలింది.

పాటకు డబ్బు మూడు దారుల్లో వస్తుంది. వేదిక మీద ఆడితే వచ్చేది ఒకటి. మాట రాసినందుకు, బాణీ కట్టినందుకు వచ్చేది రెండోది. ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్లకు వచ్చేది మూడోది. మా బ్యాండులో మొదటిది ఒక్కటే ఉండేది. బయానా ఎంత, మిగతాది ఎంత, ఎవరికెంత అని పొద్దుటికల్లా తేలిపోవాలి. ఒకసారి తేలలేదు. మా మేళం అక్కడితో రెండుగా చీలింది. పదిమంది వాయించే మేళంలోనే అట్లయితే, లక్షల కాపీలమ్మే గుంపులో మిగతా రెండు దారుల సంగతి మొదటిరోజే రాసుకోకపోతే ఏమవుతుంది?

ఎన్.డబ్ల్యు.ఎ.లో పాడేవాళ్లలో ఒకడైన ఈజీ-ఇయే కంపెనీ యజమాని. గుంపుకు మేనేజరైన హెలరే ఆ కంపెనీలో అతని భాగస్వామి. పాడేవాళ్ల తరఫున కంపెనీని నిలదీయాల్సిన మనిషే కంపెనీ వైపు కూర్చున్నాడన్నమాట. నా దృష్టిలో గుంపు విరిగింది ఇక్కడే. అహంకారాలు, దెప్పిపొడుపులు తర్వాత వచ్చినవి. అరేబియన్ ప్రిన్స్ ముందే లెక్క నచ్చక వెళ్లిపోయాడు. 1989లో ఫీనిక్స్‌లో తలా 75 వేల డాలర్ల చెక్కు, దాంతో పాటు ఒక ఒప్పంద పత్రం ముందు పెట్టారు. మిగతావాళ్లు సంతకం చేశారు. లాయరుకు చూపించకుండా చేయనని ఐస్ క్యూబ్ లేచిపోయాడు. ఆ ఏడాది చివరికల్లా గుంపు వదిలేశాడు. తాను ఎవర్నీ మోసం చేయలేదని హెలర్ చివరిదాకా చెప్పాడు.

ఆ తర్వాత పాటలతోనే కొట్టుకున్నారు. క్యూబ్ న్యూయార్క్ వెళ్లి 1990లో సొంత ఆల్బమ్ తెచ్చాడు. పాత స్నేహితులు అతణ్ణి ద్రోహి అన్నారు. 1991లో అతను వాళ్లందరినీ పేరుపేరునా తిట్టి పాడాడు. అందులో హెలర్‌ను యూదుడని ఎత్తిచూపి తిట్టాడు. డబ్బు గొడవకు మనిషి పుట్టుకను తిట్టడం నేను ఒప్పుకోను. అంతకంటే ఘోరం 1991 జనవరిలో జరిగింది. డీ బార్న్స్ అనే టీవీ యాంకరు కార్యక్రమంలో ఎన్.డబ్ల్యు.ఎ. ముక్క క్యూబ్ ముక్కతో కలిపి ప్రసారమయిందన్న కోపంతో డ్రే ఆమెను ఒక పార్టీలో కొట్టాడు. కోర్టులో జరిమానా పడింది. 2015లో వాళ్ల కథతో వచ్చిన సినిమాలో ఈ సంగతే లేదు. ఆడవాళ్ల మీద వాళ్ల పాటల్లో ఉన్న రోత చేతల్లోకీ వచ్చిన రోజు అది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు దాన్ని వదిలేయడం తప్పు.

చీలిన గుంపే 1991లో బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దానికి కొద్ది వారాల ముందే ఆ పట్టిక లెక్కించే తీరు మారింది. అంతకు ముందు దుకాణాల వాళ్లు తమకు తోచింది ఫోన్లో చెప్పేవాళ్లు, అప్పటినుంచి బిల్లు కౌంటరులో బార్‌కోడ్ లెక్క తీసుకున్నారు. జనం నిజంగా ఏం కొంటున్నారో మొదటిసారి బయటపడింది.

అదే ఏడాది డ్రే కూడా వెళ్లిపోయాడు. ష్యూగ్ నైట్ అనే బాడీగార్డు మనుషులను వెంటేసుకొచ్చి తనతో బలవంతంగా విడుదల పత్రాల మీద సంతకం చేయించాడని ఈజీ-ఇ కోర్టుకెక్కాడు, కేసు నిలవలేదు. 1995 మార్చి 16న తనకు ఎయిడ్స్ ఉందని ఈజీ-ఇ ప్రకటించాడు. పది రోజులకు, మార్చి 26న, చనిపోయాడు. ముప్పై దాటీ దాటని వయసు.

రాసినోడి వాటా సంగతికొస్తే, మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాటల రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దీనికోసం గట్టిగా మాట్లాడారు. సినిమా పాటైనా, బయటి పాటైనా, రాసినవాడు, బాణీ కట్టినవాడు రాయల్టీలో తన సమాన వాటాను కంపెనీకి రాసివ్వడానికి వీల్లేదు. ఆ డబ్బు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్. కానీ పాట ఎవరు రాశారో తేలితేనే కదా వాటా. అందుకే మా ఖేడ్ పిల్లలతో పాట పేరు, తేదీ, మాట ఎవరిది, బీట్ ఎవరిది, గొంతు ఎవరిది, రికార్డింగ్ ఎవరిది అని ఒక కాగితం మీద రాయించి, అందరితో సంతకాలు పెట్టిస్తున్నాను. నెట్‌లో ఫ్రీ అని దొరికే బీట్ మీద పాడి డబ్బు చేసుకోవాలంటే దాన్ని కట్టినవాడి అనుమతి వేరే కావాలని కూడా చెబుతున్నాను.

మొన్న ఒక పిల్లవాడు అడిగాడు: "ఐస్ క్యూబ్ గా 75 వేలు తీస్కొని సంతకం పెడితే ఏమవుతుండె అన్నా?" డ్రే సంగతి చెప్పాను. అతను సంతకం పెట్టాడు. గుంపు వదిలేశాక 1992 డిసెంబరులో "ద క్రానిక్" అనే సొంత ఆల్బమ్ తెచ్చాడు, అది లక్షల్లో అమ్ముడుపోయింది. అందులో ఈజీ-ఇని వెక్కిరించే పాట ఉంది. డ్రే సంతకం పెట్టిన పాత ఒప్పందం మీద రూత్‌లెస్‌తో కుదిరిన రాజీ ప్రకారం ఆ ఆల్బమ్ డబ్బులో ఒక వాటా నేరుగా ఈజీ-ఇ కంపెనీకే వెళ్లింది.